సైనికుని చేతిలో పుస్తకం

(ప్లాటినం జూబిలీ ఉత్సవాల విద్యాసదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాల పండుగనాడు ఏ పాఠశాల అయినా తన పిల్లలను లెక్కించుకోవడం సహజం. ఎందరు వైద్యులైనారు, ఎందరు ఇంజనీర్లైనారు, ఎందరు ఉపాధ్యాయులైనారు అన్న లెక్క ప్రతి ఉత్సవ సంచికలోనూ కనిపిస్తుంది. ఆ లెక్కలో ఒక వర్గం తరచుగా జారిపోతుంది. పదవ తరగతి పూర్తికాగానే, ఇంటి పరిస్థితులు పై చదువుకు అనుకూలించక, ఒక ట్రంకుపెట్టెతో రైలెక్కి పట్టాళంలో చేరిన పిల్లల వర్గం అది. "ఫలానావారి అబ్బాయి మిలిటరీలో చేరాడు" అనగానే ఊరు గర్విస్తుంది. అంతటితో వాని చదువు ముగిసిందని కూడా ఊరే నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం సరియైనదేనా? తుపాకి పట్టిన చేయి పుస్తకం పట్టరాదా? సేవలో ఉంటూనే వాణిజ్యశాస్త్రంలోనో వ్యాపార నిర్వహణలోనో పట్టం పొందడం సాధ్యమా? సాధ్యమైతే దానికి మార్గమేది, ఆ మార్గంలోని ముళ్ళేవి? ఈ ప్రసంగానికి విషయం ఇదే.

బళ్ళారికి సైన్యంతో సంబంధం కొత్తది కాదు. కొండమీది కోట, ఆంగ్లేయుల కాలంలో వెలసిన కంటోన్మెంటు ఈ పట్టణ చరిత్రలో విడదీయరాని భాగాలు. సైనికులు వెళ్ళిపోయినా కంటోన్మెంటు అన్న పేరు నేటికీ జనం నోట నిలిచే ఉంది. ఒక వృత్తిలో ఉంటూ మరొక విద్యను సాధించడం కూడా ఈ ఊరికి కొత్త కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ముగ్గురూ న్యాయవాద వృత్తిలో ఉన్నవారే. పగలు న్యాయస్థానం, రాత్రి నాటకరంగం. తెలుగు నాటక చరిత్రలో వారి స్థానం తెలియని వారు లేరు. బ్రతుకుతెరువు ఒకటి, విద్యాసాధన మరొకటి అయినప్పుడు రెండింటినీ ఒకే జీవితంలో ఇమిడ్చిన పెద్దలు నడచిన వీధులివి.

ఇక ఈ జిల్లా భాషా పరిస్థితి అందరికీ విదితమే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు చేరాయి. బళ్ళారి తాలూకాతో సహా మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. రేఖ కదిలింది కాని ఇళ్ళు కదలలేదు, ఇళ్ళలోని భాష మారలేదు. తుంగభద్ర కాలువలు పారిన తరువాత కోస్తా జిల్లాల నుండి వచ్చి సిరుగుప్ప ప్రాంతంలో 'క్యాంపులు' కట్టుకొని స్థిరపడిన రైతు కుటుంబాల వల్ల తెలుగు మరింత విస్తరించింది. అయితే తెలుగు మాధ్యమంలో పదవ తరగతి వరకు చదివిన పిల్లవానికి ఇక్కడ ఆపై చదువు తెలుగులో దొరకడం దుర్లభం. కన్నడానికో ఆంగ్లానికో మారాలి, లేదా సరిహద్దు దాటి వెళ్ళాలి. రెండూ ఖర్చుతో, భయంతో కూడిన పనులు. ఆ కూడలిలో నిలిచిన పేద కుటుంబపు పిల్లవానికి సైనిక నియామకం ఒక రాజమార్గంగా కనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు. జీతం, గౌరవం, దేశసేవ మూడూ ఒకేచోట లభించే ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి కనుక?

సైనికునికి చదువెందుకన్న ప్రశ్నకు చరిత్ర ఏనాడో సమాధానం చెప్పింది. పూర్వం సైన్యంలో సిపాయిలకు, వారి పిల్లలకు పాఠశాలలు ఉండేవి. ఆ పాఠశాలలలో ఉపాధ్యాయునిగా, ప్రధానోపాధ్యాయునిగా పనిచేసిన ఒక సుబేదారు పేరు రాంజీ సక్పాల్. 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో ఆయనకు జన్మించిన కుమారుడే డాక్టర్ భీమ్‌రావ్ అంబేద్కర్. సైనికుని ఇంట్లో వెలిగిన అక్షరదీపం రాజ్యాంగ నిర్మాణం వరకు ఎట్లా ప్రసరించిందో లోకానికి తెలుసు. సైన్యంలో ప్రత్యేకంగా విద్యాదళం ఒకటి నేటికీ ఉంది. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో దాని శిక్షణ కళాశాల ఉంది. పటం చదవడం, భాష నేర్వడం, పదోన్నతికి కావలసిన పరీక్షలు వ్రాయడం సైనిక జీవితంలో అంతర్భాగాలు. కాబట్టి చదువు సైన్యానికి పరాయిది కాదు. చదివే జవానును సైన్యం తక్కువగా చూస్తుందనుకోవడం పొరపాటు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా తన సైనికులకు తపాలా ద్వారా పాఠాలు పంపడానికి ఒక సంస్థను విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో నెలకొల్పింది. 1944 జూన్ 22న ఆ దేశపు అధ్యక్షుడు రూజ్వెల్టు సంతకం చేసిన చట్టం యుద్ధం నుండి తిరిగివచ్చిన వారి చదువు ఖర్చును ప్రభుత్వం భరించేటట్లు చేసింది. దాని ఆసరాతో సుమారు 22 లక్షల మంది కళాశాలలలో చేరారు. యుద్ధం చేసి వచ్చినవాడు నిరుద్యోగిగా వీధిలో నిలబడితే దేశానికే నష్టమన్న వివేకం ఆ చట్టానికి మూలం. దూరవిద్యకు అంతకంటె పాత చరిత్ర ఉంది. 1858లోనే లండను విశ్వవిద్యాలయం తన ఆవరణలో చదవని వారికి కూడా పరీక్షలు వ్రాసే అవకాశం కల్పించింది. 1969లో బ్రిటన్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం రాజశాసనం పొంది, 1971 నుండి పాఠాలు ప్రారంభించింది.

భారతదేశంలో ఆ వెలుగు మొదట ప్రసరించింది తెలుగు నేలమీద అన్నది సగర్వంగా చెప్పుకోదగిన విషయం. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఆచార్య జి. రాంరెడ్డి దాని తొలి ఉపాధ్యక్షులు. పాఠశాల మెట్లు సక్రమంగా ఎక్కని వయోజనులకు సైతం అర్హత పరీక్ష ద్వారా అది డిగ్రీ తలుపు తెరిచింది. తెలుగులో ఉన్నతవిద్యా పాఠ్యగ్రంథాలు వ్రాయించి ఇంటింటికి పంపింది. 1991లో ఆ విశ్వవిద్యాలయానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టారు. సైనికోపాధ్యాయుని కుమారుని పేరు ధరించిన విశ్వవిద్యాలయంలో ఎందరో జవాన్లకు చదివే వీలు కలగడం ఎంత సముచితమో ఆలోచించండి.

1985లో పార్లమెంటు చట్టంతో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి కూడా ఆచార్య రాంరెడ్డిగారే తొలి ఉపాధ్యక్షులైనారు. 1987లో ఆ విశ్వవిద్యాలయం రెండే పాఠ్యక్రమాలతో, 4,528 మంది విద్యార్థులతో బోధన ప్రారంభించింది. ఆ రెండింటిలో ఒకటి దూరవిద్యలో డిప్లొమా. రెండవది నిర్వహణశాస్త్రంలో డిప్లొమా. అంటే ఉద్యోగం చేసుకుంటూ వ్యాపార నిర్వహణ చదవాలన్న కోరిక దేశంలో ఎంత బలంగా ఉన్నదో ఆ విశ్వవిద్యాలయపు తొలి అడుగే చెబుతున్నది.

ఆ రోజులలో పాఠాలు కాగితపు పొట్లాలుగా వచ్చేవి. సైనికుని చిరునామాలో ఊరి పేరు ఉండదు. అతని సంఖ్య, హోదా, పేరు, దళం, ఆ క్రింద '56 ఏ.పి.ఓ.' అనో '99 ఏ.పి.ఓ.' అనో ఉంటుంది. ఆ రెండు అంకెలు ఎన్నో కుటుంబాలకు సుపరిచితాలు. అమ్మ వ్రాసిన ఉత్తరం ఏ సంచిలో వెళ్ళిందో, ఖాతాల నిర్వహణ పాఠ్యపుస్తకం కూడా అదే సంచిలో మంచుకొండలకు చేరేది. జవాబు పత్రాలు అదే దారిన తిరిగి వచ్చేవి. నేడు ఆ పొట్లం స్థానంలో చేతిలోని ఫోను వచ్చింది. 2017 జూలైలో 'స్వయం' వేదిక ప్రారంభమైంది. 2020లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరవిద్యకు, ఆన్‌లైన్ విద్యకు కలిపి నియమావళి ప్రకటించింది. గుర్తింపు గల సంస్థల నుండి ఈ పద్ధతులలో పొందిన పట్టాలు సాధారణ కళాశాల పట్టాలతో సమానమేనని 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. 2021లో ప్రారంభమైన విద్యా క్రెడిట్ల నిధి వల్ల ఒకచోట సంపాదించిన మార్కుల విలువ మరొకచోటికి బదిలీ అయ్యే వీలు కలిగింది. తరచు బదిలీ అయ్యే సైనికునికి ఇంతకంటె కావలసినదేమి?

సైన్యం కూడా ఈ విషయంలో చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం త్రివిధ దళాలతో ఒప్పందాలు చేసుకొని వారికొరకు ప్రత్యేక ప్రాంతీయ కేంద్రాలు నెలకొల్పింది. నావికాదళానికి సంబంధించినంతవరకు విశాఖపట్నంలో కూడా అటువంటి కేంద్రం ఉంది. ఇక అధికారుల విషయానికి వస్తే, సికిందరాబాదులో 1970లో స్థాపితమైన రక్షణ నిర్వహణ కళాశాల ఉంది. అక్కడ ఉన్నత పాఠ్యక్రమం పూర్తిచేసిన అధికారులకు ఉస్మానియా విశ్వవిద్యాలయం నిర్వహణశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా ఇస్తుంది. సేనానికి నిర్వహణశాస్త్రం అవసరమని గుర్తించిన దేశం సిపాయికి కూడా అది అవసరమని గుర్తించడం న్యాయం. భేదం ఒక్కటే. అధికారికి ఆ చదువే కొంతకాలం ఉద్యోగం. సిపాయి మాత్రం ఉద్యోగం ముగిసిన తరువాత మిగిలిన గంటలో చదవాలి.

ఇంతకూ వాణిజ్యశాస్త్రమే ఎందుకు? చరిత్ర, సాహిత్యం చదవరాదా అని కొందరు అడుగవచ్చు. తప్పక చదవవచ్చు. అయితే సైనికుని జీవితంలో ఒక విచిత్రమున్నది. ఇతరులు ఉద్యోగంలో నిలదొక్కుకునే వయస్సులో అతడు పదవీ విరమణ చేస్తాడు. పదిహేను నుండి ఇరవై ఏళ్ళ సేవ ముగించుకొని ఊరికి వచ్చే జవానుకు నలభై ఏళ్ళు కూడా నిండి ఉండవు. పిల్లలు బడిలో ఉంటారు, తల్లిదండ్రులు వృద్ధులై ఉంటారు, చేతిలో కొంత సొమ్ము ఉంటుంది. పదవ తరగతి చదివి పదిహేనేళ్ళ సేవ చేసిన మాజీ సైనికుని కొన్ని గ్రూపు 'సి' ఉద్యోగాలకు పట్టభద్రునితో సమానంగా పరిగణించే నిబంధన ఉన్న మాట నిజమే. కాని ఆ సమానత్వం ప్రభుత్వ ద్వారం వరకే. ప్రైవేటు సంస్థల గుమ్మంలో, బ్యాంకు రుణం ఇచ్చేవారి బల్లముందు, అది పెద్దగా పనికిరాదు. ఫలితంగా ఒకనాడు దేశ సరిహద్దును కాచినవాడు పట్టణంలో ఏ భవనం ముందో కాపలాకు కూర్చోవలసి వస్తున్నది. కాపలా ఉద్యోగం చిన్నదని కాదు. మరొక ద్వారం తెరుచుకోనందువల్ల మాత్రమే ఆ కుర్చీలో కూర్చోవలసి రావడం బాధాకరం.

2022 జూన్‌లో ప్రకటితమైన అగ్నిపథ పథకంతో ఈ ప్రశ్న మరింత తీవ్రమైంది. పదిహేడున్నర ఏట చేరే అగ్నివీరుని సేవాకాలం నాలుగేళ్ళు. గడువు ముగిసిన పిమ్మట నాలుగింట ఒక వంతు మందికి మించకుండా శాశ్వత సేవలోకి తీసుకుంటారు. మిగిలినవారు ఇరవై రెండు, ఇరవై అయిదేళ్ళ ప్రాయంలో సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధితో ఇంటికి వస్తారు. వారికి పింఛను ఉండదు. ఆ పథకం మంచిచెడ్డలు చర్చించే వేదిక ఇది కాదు. కాని ఆ వయస్సులో, ఆ సొమ్ముతో ఇంటికి వచ్చే పిల్లవాని భవిష్యత్తు గురించి అతనికి అక్షరాలు నేర్పిన పాఠశాల ఆలోచించకపోతే మరెవరు ఆలోచిస్తారు?

ఆ పిల్లవాని ఇంటిని ఒక్కసారి ఊహించుకోండి. సొమ్ము వచ్చిందని తెలియగానే బంధువులు వస్తారు. ఒకరు బోరు వేయించమంటారు, ఒకరు ట్రాక్టరు కొనమంటారు, ఒకరు రెండేళ్ళలో రెట్టింపు చేస్తామనే సంస్థలో కట్టమంటారు. ఎనిమిది లక్షలు పెట్టి ట్రాక్టరు కొన్నాడనుకోండి. అది పదేళ్ళు పనిచేస్తుందనుకుంటే ఏటా ఎనభై వేల రూపాయలు తరుగుదల క్రింద వ్రాసుకోవాలి. నూనె, మరమ్మతులు, డ్రైవరు కూలి పోగా మిగిలినది లాభమని సాధారణంగా అనుకుంటారు. ఆ ఎనభై వేలు కూడా తీసివేస్తే కాని నిజమైన లాభమేదో తేలదు. తరుగుదల అన్న ఒక్క పాఠం తెలియక ఎన్ని సంసారాలు తమ మూలధనాన్నే లాభమనుకొని ఖర్చుచేసుకున్నాయో పల్లెలలో అడిగితే చెబుతారు. చిట్టా, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ అనేవి పరీక్షల కొరకు మాత్రమే పుట్టిన మాటలు కావు. అవి ఇంటిని నిలబెట్టే స్తంభాలు.

బళ్ళారి ప్రాంతంలో ఆ చదువుకు పనికి కూడా కొరత లేదు. జీన్సు దుస్తులు కుట్టే చిన్న పరిశ్రమలు, సిరుగుప్ప వైపు బియ్యపు మిల్లులు, ప్రత్తి, మిరప వ్యాపారాలు, తోరణగల్లు ఉక్కు కర్మాగారాన్ని ఆశ్రయించిన రవాణా పనులు ఉన్నాయి. వీటిలో ప్రతిదానికి లెక్క తెలిసి, క్రమశిక్షణ కలిగి, వేళకు పనిచేసే మనిషి కావాలి. సైన్యం ఆ చివరి రెండు గుణాలను ఇచ్చి పంపుతుంది. మొదటిదానిని చదువు ఇవ్వాలి. నిజానికి రేషను సామగ్రి, దుస్తులు, విడిభాగాలు సరిగ్గా లెక్కపెట్టి, రాకపోకలు నమోదుచేసి, కొరత రాకుండా చూసే జవాను సరకుల నిర్వహణను చేతలలో నేర్చుకున్నవాడే. పుస్తకం ఆ పనికి పేర్లు, సూత్రాలు అందిస్తుంది. ఈ సత్యాన్ని గుర్తించే 2022లో అగ్నివీరుల కొరకు ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం ద్వారా మూడేళ్ళ ప్రత్యేక డిగ్రీని కేంద్ర విద్యాశాఖ ప్రకటించింది. అందులో సగం క్రెడిట్లు సేవలో పొందిన శిక్షణకే లభిస్తాయి. మిగిలిన సగం పాఠ్యాంశాల నుండి సంపాదించుకోవాలి. బి.కాం. కూడా ఆ పట్టికలో ఉంది. పదవ తరగతితో చేరినవారు పన్నెండవ తరగతి అర్హత పొందడానికి జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ ద్వారా ఏర్పాటు కూడా అప్పుడే ప్రకటించారు.

మార్గం ఉన్నంత మాత్రాన నడక సులువని అనుకోరాదు. తెల్లవారకముందే వ్యాయామం, పగలు కవాతు, విధులు, సాయంత్రం హాజరు, వంతు వచ్చిన రాత్రి కాపలా. ఈ దినచర్యలో చదువుకు మిగిలేది ఒక గంట. ఆ గంటతో ఏమవుతుందని నిరాశపడనవసరం లేదు. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే సుమారు ముప్పై గంటల అధ్యయనం. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశానికి నూట ఇరవై గంటలు కావాలి. రోజుకు ఒక గంట చొప్పున నాలుగు నెలలలో ఒక పాఠ్యాంశం ముగుస్తుంది. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలో మూడేళ్ళ డిగ్రీని పూర్తిచేయడానికి ఆరేళ్ళ వరకు గడువున్నది. పరీక్షలు జూన్, డిసెంబరు మాసాలలో ఏటా రెండుసార్లు జరుగుతాయి. ఒకసారి విధుల వల్ల తప్పిపోతే ఆరు నెలలకు మరల అవకాశం వస్తుంది. నూతన విద్యావిధానం ప్రకారం మొదటి ఏడాదికి సర్టిఫికెట్, రెండవ ఏడాదికి డిప్లొమా పొంది మధ్యలో ఆగినా శ్రమ వృథా కాదు.

రెండవ కష్టం సంకేతాలు అందని చోట్లు. ఎత్తైన మంచు ప్రాంతాలలో, ఓడలో, అడవిలో ఆన్‌లైన్ తరగతి వినడం కుదరదు. అందువల్ల సెలవులోనో, పట్టణ కేంద్రంలో ఉన్నప్పుడో పాఠాలను దాచుకొని, అచ్చుపుస్తకాన్ని దగ్గర ఉంచుకోవడం వివేకం. ఆన్‌లైన్ చదువు వచ్చిందని కాగితాన్ని విడిచిపెట్టరాదు.

మూడవది భద్రత. చదువు పేరుతో ఏర్పడిన సామాజిక మాధ్యమ బృందాలలో తాను ఏ దళంలో, ఏ ఊరిలో ఉన్నాడో వెల్లడించడం సైనికునికి తగదు. 2020లో సైన్యం 89 మొబైల్ యాప్‌లను తొలగించవలసిందిగా తన సిబ్బందిని ఆదేశించిన సంగతి గుర్తుంచుకోవాలి. ఏ పాఠ్యక్రమంలో చేరదలచినా ముందుగా పై అధికారికి తెలిపి అనుమతి పొందడం విధి. విధి మొదట, చదువు తరువాత. ఈ వరుస తారుమారైతే రెండూ చెడతాయి. చదువు వల్ల సైనికుని ఏకాగ్రత చెదరదా అని అడిగేవారికి ఇదే సమాధానం. ఖాళీ గంటను పేకాటకు గాని ఫోనులోని వినోదాలకు గాని ఇచ్చిన జవాను కంటె పుస్తకానికి ఇచ్చిన జవాను విధిలో తక్కువవాడు కాజాలడు.

నాలుగవ కష్టం భాష. తెలుగులో చదివి, వీధిలో కన్నడం మాట్లాడి, బ్యారక్‌లో హిందీ నేర్చిన పిల్లవాని ముందుకు వాణిజ్యశాస్త్రం ఎక్కువగా ఆంగ్లంలోనే వస్తుంది. భయం సహజం. కాని మూడు భాషలు నేర్చినవానికి నాల్గవది అసాధ్యం కాదు. సరిహద్దు జిల్లా పిల్లలకు ఉన్న గొప్ప ఆస్తి ఇదే. అంబేద్కర్ విశ్వవిద్యాలయం వారి తెలుగు వాణిజ్య పాఠ్యగ్రంథాలను, తెలుగు అకాడమీ పుస్తకాలను ప్రక్కన పెట్టుకొని ఆంగ్ల పాఠం చదివితే భావం ముందు తెలుస్తుంది, మాట తరువాత పట్టుబడుతుంది. మాతృభాషలో గట్టిపడిన పునాది ఇక్కడే అక్కరకు వస్తుంది.

అయిదవది, అన్నిటికంటె ప్రమాదకరమైనది, మోసం. ఫీజు కట్టి, మూడేళ్ళు శ్రమించి, చివరికి ఆ పట్టా చెల్లదని తెలిస్తే ఆ యువకుని వేదనకు అంతుండదు. కర్ణాటకలోనే ప్రసిద్ధమైన ఒక ఉదంతముంది. మైసూరులోని రాష్ట్ర ముక్త విశ్వవిద్యాలయానికి కొన్ని సంవత్సరాలపాటు నిధుల సంఘం గుర్తింపు లేకపోయి, 2018లో తిరిగి లభించింది. ఆ మధ్యకాలంలో చేరిన విద్యార్థులు పడిన ఆందోళన ఎందరికో తెలుసు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం విషయంలోనే ఇట్లా జరిగినప్పుడు ఊరూపేరూ లేని సంస్థల సంగతి చెప్పనేల? 'పది రోజుల ఎం.బి.ఏ.' వంటి ప్రకటనలను నమ్మవద్దని 2024లో నిధుల సంఘమే హెచ్చరించవలసి వచ్చింది. కాబట్టి చేరే సంవత్సరానికి, చేరే పాఠ్యక్రమానికి గుర్తింపు ఉన్నదా లేదా అని నిధుల సంఘం దూరవిద్యా విభాగం వారి జాలస్థలిలో స్వయంగా చూసుకోవాలి. దళారి మాట చాలదు. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, న్యాయశాస్త్రం వంటి పట్టాలు దూరవిద్యలోగాని ఆన్‌లైన్‌లోగాని పొందడానికి అనుమతి లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఈ సందర్భంలో బాలికల మాట మరువరాదు. 2021 మే 8న బెంగళూరులోని సైనిక పోలీసు శిక్షణ కేంద్రం నుండి 83 మంది మహిళలు శిక్షణ ముగించుకొని సైనికులుగా వెలువడ్డారు. ఆ దళంలో మహిళా సైనికుల తొలి జట్టు అదే. ఇక సైనికుల ఇళ్ళలో ఉండే భార్యల సంగతి చూస్తే, భర్త సరిహద్దులో ఉండగా ఇంటి జమాఖర్చులు, పొలం కౌలు, పిల్లల ఫీజులు, బ్యాంకు పనులు అన్నీ ఆమె తలమీదే ఉంటాయి. ఆమె కూడా దూరవిద్యలో వాణిజ్యశాస్త్రం చదివితే విరమణ అనంతరం ఆ ఇంట్లో ఇద్దరు లెక్క తెలిసినవారు ఉంటారు. తెలుగునాట తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం గ్రామాన్ని 'మిలిటరీ మాధవరం' అంటారు. తరతరాలుగా ఇంటింటి నుండి సైనికులను పంపిన ఊరది. అటువంటి ఊళ్ళ శౌర్యంలో సగం ఇల్లు నిలబెట్టిన స్త్రీలది.

ఇక పాఠశాలల కర్తవ్యమేమి? మొదటిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వాణిజ్య పదాలను తెలుగు, కన్నడ, ఆంగ్ల భాషలలో ప్రక్కప్రక్కన నేర్పడం. ఒక నల్లబల్ల, రోజుకు రెండు పదాలు చాలు. రెండవది, సైన్యంలో చేరడానికి వెళ్ళే విద్యార్థికి బదిలీ పత్రంతోపాటు దూరవిద్యా మార్గాలను, గుర్తింపు చూసుకునే విధానాన్ని తెలిపే ఒక కాగితం చేతికివ్వడం. మూడవది, సేవలో ఉన్న పూర్వ విద్యార్థుల పేర్లకు ఒక రిజిస్టరు ఉంచి, ఏడాదికి ఒక్క ఉత్తరమైనా వ్రాయడం. "చదువు ఎంతవరకు వచ్చింది నాయనా?" అని అడిగే గొంతు ఒకటి ఊరిలో ఉన్నదని తెలిసినవాడు పుస్తకాన్ని అంత సులభంగా మూసివేయడు. నాలుగవది, సెలవులో వచ్చిన జవానుకు పరీక్షకు ముందు వారం రోజులపాటు ఒక గది, ఒక దీపం, సందేహం తీర్చే ఒక ఉపాధ్యాయుని సమకూర్చడం. వీటిలో దేనికీ పెద్ద నిధులు అవసరం లేదు.

పట్టా వచ్చినంత మాత్రాన ఉద్యోగం నడచి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అట్లా ఇచ్చేవారిని నమ్మనూ రాదు. ప్రతి జవానూ పట్టభద్రుడు కావలసిన అవసరమూ లేదు. కాని చదవాలన్న కోరిక ఉండి, దారి తెలియక ఆగిపోయిన పిల్లవాడు ఒక్కడున్నా అది పాఠశాల ఖాతాలో రావలసిన బాకీగానే మిగిలిపోతుంది. డెబ్బది అయిదేళ్ళ జమాఖర్చులు చూసుకునే ఈ శుభవేళ ఆ బాకీని కూడా ఆవర్జాలో వ్రాయాలి. వచ్చే ఉత్సవం నాటికి దాని ఎదుట "చెల్లు" అని వ్రాయగలిగితే ఈ పండుగ సార్థకమవుతుంది.

సరిహద్దులలో మేలుకొని ఉన్న ఈ పాఠశాల బిడ్డలందరికీ, వారి కొరకు ఇళ్ళలో మేలుకొని ఉన్న తల్లులందరికీ శుభం కలుగుగాక.